డీఆర్‌డీవో ఛైర్మన్ గారికి: ఆయుధాల సాఫ్ట్‌వేర్‌కు విశ్వవిద్యాలయంలో శాశ్వత సంస్థ కావాలి

గౌరవనీయులైన ఛైర్మన్ గారికి,



నేను హైదరాబాద్‌లోని ఒక ఇంజినీరింగ్ కాలేజీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, కంప్యూటర్ సెక్యూరిటీ పాఠాలు చెబుతాను. మీ ప్రయోగశాలలు మా ఊరివాళ్లకు కొత్త కాదు. కంచన్‌బాగ్ వైపు వెళ్తే డీఎంఆర్‌ఎల్ పేరుతోనే ఒక చౌరస్తా ఉంది. డీఆర్‌డీఎల్, ఆర్‌సీఐ, డీఎల్‌ఆర్‌ఎల్ అన్నీ ఈ నగరంలోనే ఉన్నాయి. మా దగ్గర చదువుకున్న పిల్లలు కొందరు వాటిలో పనిచేస్తున్నారు. ఇంకా చాలామంది చేయాలని ఆశపడి, దారి కనిపించక కంపెనీలకు వెళ్లిపోయారు. ఆ పిల్లలూ వాళ్ల తల్లిదండ్రులూ కూడా చదవాలనే ఈ ఉత్తరం తెలుగులో, అందరి ముందూ రాస్తున్నాను.

మిమ్మల్ని అడిగేది ఒకటే. మన సైన్యం వాడే సాఫ్ట్‌వేర్‌నూ, దాని భద్రతనూ, అందులోకి వచ్చి చేరుతున్న కృత్రిమ మేధనూ ఏళ్ల తరబడి ఆగకుండా పరీక్షించే సంస్థను ఒక విశ్వవిద్యాలయంలో పెట్టండి. రెండేళ్ల ప్రాజెక్టుగా కాకుండా శాశ్వతంగా పెట్టండి. కనిపెట్టిన లోపాల్లో రహస్యం కానివాటిని దేశమంతటికీ చెప్పే హక్కు దానికి రాసివ్వండి.

ఎందుకు ఇంత గట్టిగా అడుగుతున్నానో చెప్పాలంటే నేను ఏటా మొదటి వారంలో చెప్పే పాఠంతో మొదలుపెట్టాలి. 1991 ఫిబ్రవరి 25 రాత్రి, గల్ఫ్ యుద్ధ సమయంలో, సౌదీ అరేబియాలోని ధహ్రాన్ దగ్గర ఇరాక్ వదిలిన స్కడ్ క్షిపణి ఒక సైనిక బ్యారక్ మీద పడింది. 28 మంది అమెరికన్ సైనికులు చనిపోయారు. స్కడ్‌ను గాల్లోనే కూల్చవలసిన పాట్రియాట్ క్షిపణి బ్యాటరీ అక్కడే ఉంది. కరెంటు ఉంది, మనుషులు ఉన్నారు, రాడార్ నడుస్తోంది. అయినా ఒక్క క్షిపణి కూడా పైకి లేవలేదు.

కారణం గడియారం. పాట్రియాట్ కంప్యూటర్ కాలాన్ని సెకనులో పదో వంతు చొప్పున లెక్కపెట్టుకునేది. ఆ లెక్కను సెకన్లలోకి మార్చడానికి ఒకటి బై పదితో గుణించాలి. మనం ఒకటి బై మూడును దశాంశాల్లో రాస్తే మూడు, మూడు, మూడు అంటూ ఎక్కడా ఆగనట్టే, ఒకటి బై పదిని బైనరీలో రాస్తే అది కూడా ఆగదు. కంప్యూటర్‌లో చోటు 24 బిట్లే. మిగిలిన తోక తెగిపోయింది. తెగిన ముక్క విలువ సెకనులో కోటో వంతు కన్నా తక్కువ. కానీ ఆ బ్యాటరీని ఆపకుండా 100 గంటలకు పైగా నడిపారు. అంటే 36 లక్షల సార్లు ఆ తోక తెగింది. గడియారం 0.34 సెకను తప్పింది. ఆ మాత్రం తేడాకే రాడార్ వెతికే చోటు 687 మీటర్లు పక్కకు జరిగింది. అక్కడ ఆకాశం ఖాళీగా ఉంది. ఏమీ లేదనుకుని కంప్యూటర్ ఆ లక్ష్యాన్ని వదిలేసింది.

ఈ లెక్కను పిల్లల చేతే చేయిస్తాను. పది పన్నెండు లైన్ల సీ ప్రోగ్రామ్. ఒకటి బై పదిని 24 బిట్లకు కత్తిరించి, ఎనిమిది గంటలకు ఎంత తేడా వస్తుందో చూడమంటాను. 0.0275 సెకను వస్తుంది. ఇరవై గంటలకు 0.0687. నూరు గంటలకు 0.3433. స్క్రీన్ మీద ఆ అంకె వచ్చేదాకా వాళ్లకు అది ఒక ల్యాబ్ ఎక్సర్‌సైజు. వచ్చాక ధహ్రాన్ సంగతి చెబుతాను. ఎప్పుడూ వెనక బెంచీల్లోంచి ఒకే ప్రశ్న వస్తుంది: "సార్, ముందే ఎవరికీ తెలీదా?"

తెలుసు. అదే ఈ కథలో నన్ను నిద్రపోనివ్వని భాగం. ఎనిమిది గంటలు ఆపకుండా నడిపితే గురి గణనీయంగా పక్కకు జరుగుతోందని ఇజ్రాయెల్ సైన్యం ఫిబ్రవరి 11నే అమెరికాకు చెప్పింది. 16వ తేదీకి సవరించిన సాఫ్ట్‌వేర్ తయారైంది. 21న పాట్రియాట్ వాడుతున్న యూనిట్లన్నిటికీ ఒక సందేశం వెళ్లింది. 'చాలా ఎక్కువసేపు' నడిపితే గురి తప్పవచ్చని అందులో ఉంది. ఎన్ని గంటలైతే ఎక్కువో అందులో లేదు. సవరించిన సాఫ్ట్‌వేర్ ధహ్రాన్‌కు 26న చేరింది, మనుషులు పోయిన మర్నాడు. కంప్యూటర్‌ను ఒకసారి ఆపి మళ్లీ వేసినా సరిపోయేది. ఈ వివరాలన్నీ 1992లో అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ ఇచ్చిన బహిరంగ నివేదికలో ఉన్నాయి. హైదరాబాద్‌లో పాఠం చెప్పే నాలాంటివాడి దగ్గరికి కూడా వచ్చాయంటే ఆ దేశం తన తప్పును బయటపెట్టుకుంది కాబట్టే.

చనిపోయిన 28 మందిలో 13 మంది పెన్సిల్వేనియా రాష్ట్రంలోని గ్రీన్స్‌బర్గ్ అనే చిన్న ఊరి రిజర్వు దళం వాళ్లు. ఆ ఊరు పిట్స్‌బర్గ్‌కు దగ్గర్లోనే. ఇలాంటి సాఫ్ట్‌వేర్ తప్పుల మీద పనిచేయడానికే అమెరికా రక్షణ శాఖ అప్పటికి ఆరేళ్ల క్రితం ఒక సంస్థను పెట్టింది కూడా పిట్స్‌బర్గ్‌లోనే, కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో. పాట్రియాట్ కంప్యూటర్ 1970ల నాటి డిజైన్, అంతకు ముందు తరానిది. సంస్థ ఉన్నంత మాత్రాన తప్పులు ఆగిపోవని నాకు తెలుసు. ఆ సంస్థ ఎలా పుట్టింది, ఏం చేసింది, ఎక్కడ దారి తప్పింది అన్నది మనం చూడాలి.

దాని పేరు సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ ఇన్‌స్టిట్యూట్. 1984 డిసెంబరులో మొదలైంది. అప్పటికి అమెరికా సైన్యానికి సాఫ్ట్‌వేర్ పెద్ద బెడద అయింది. కాంట్రాక్టర్లు చెప్పిన గడువుకు ఇచ్చేవారు కాదు, ఇచ్చినవి సరిగా నడిచేవి కాదు, ఖర్చు పెరుగుతూ పోయేది. విమానం రెక్కను పరీక్షించడానికి పద్ధతి ఉంది గానీ, ఆ విమానాన్ని నడిపే ప్రోగ్రామ్ ఎంత గట్టిదో చెప్పే పద్ధతి లేదు. విశ్వవిద్యాలయాలను పోటీకి పిలిచి, గెలిచిన కార్నెగీ మెలన్‌కు ఆ బాధ్యత అప్పగించారు. దానితో చేసుకున్న ఒప్పందం కూడా గమనించదగ్గది. ఆ సంస్థ సరుకు తయారుచేసి అమ్మకూడదు. ప్రైవేటు కంపెనీలతో టెండర్లలో పోటీ పడకూడదు. బదులుగా ప్రభుత్వం తన సున్నితమైన సమాచారాన్ని దానికి చూపిస్తుంది, ఒప్పందాన్ని ఏళ్ల పాటు కొనసాగిస్తుంది. 2015లో కొనసాగించినప్పుడు దాని విలువ 170 కోట్ల డాలర్లకు పైగా ఉంది. అమ్ముకునే ఆశ లేనివాడే అవతలివాడి సరుకులో తప్పు ఉందని నిర్భయంగా చెప్పగలడు.

ఆ సంస్థ ప్రభావం మన ఊళ్లో ఎవరికీ తెలియకుండానే అందరూ చూశారు. 2000 దాటాక హైటెక్ సిటీ కంపెనీలు బోర్డుల మీద, పత్రికా ప్రకటనల్లో 'సీఎంఎం లెవెల్ 5' అని రాసుకునేవి. క్యాంపస్ ఇంటర్వ్యూకు వెళ్లే పిల్లలు ఆ ముక్క బట్టీ పట్టేవారు. అది ఏ వ్యాపార సంఘమో ఇచ్చిన బిరుదు అనుకునేవారు. కాంట్రాక్టర్లలో ఎవరికి పని ఇవ్వవచ్చో తేల్చే పద్ధతి కావాలని అమెరికా వైమానిక దళం అడిగితే, ఐబీఎం నుంచి ఈ సంస్థకు వచ్చిన వాట్స్ హంఫ్రీ, ఆయన సహచరులు తయారుచేసిన కొలబద్ద అది. వాళ్లు దాన్ని దాచుకోకుండా ప్రచురించారు. కొంతకాలానికి ప్రపంచంలో లెవెల్ 5 సంస్థల్లో పెద్ద వాటా మన దేశానిదే అయింది. ఒక దేశపు సైనిక అవసరం కోసం విశ్వవిద్యాలయంలో పుట్టిన పరిశోధన, బయటికి వచ్చి, తెలుగు పిల్లల ఉద్యోగాల దాకా చేరింది. ఆ కొలబద్దతో విదేశీ బ్యాంకుల ప్రోగ్రాములను కొలిచాం. మన సొంత ఆయుధాల సాఫ్ట్‌వేర్‌కు అలాంటి బహిరంగ కొలబద్ద ఒకటి మనమే తయారుచేసుకోవాలన్న ఆలోచన మాత్రం బలంగా రాలేదు.

ఇక భద్రత సంగతి. 1988 నవంబరు 2న కార్నెల్ విశ్వవిద్యాలయ విద్యార్థి రాబర్ట్ మోరిస్ వదిలిన ఒక ప్రోగ్రామ్ ఇంటర్నెట్‌లో తనను తాను కాపీ చేసుకుంటూ పాకింది. అప్పటి అంచనా ప్రకారం ఆరు వేల కంప్యూటర్లు మొరాయించాయి. ఆనాటి మొత్తం ఇంటర్నెట్‌లో అది పదో వంతు. ఆ రాత్రి తేలింది ఏమిటంటే, బర్కిలీలో ఒకరికి మందు తెలిసినా దాన్ని మిగతావారికి చెప్పడానికి ఒక ఫోన్ నంబరు అంటూ లేదు. అదే నెలలో అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా ఆ పనిని కార్నెగీ మెలన్‌లోని ఈ సంస్థకే ఇచ్చింది. అలా పుట్టింది సర్ట్, అంటే కంప్యూటర్ అత్యవసర స్పందన బృందం. మన దేశంలో 2004లో మొదలైన సర్ట్-ఇన్ పేరులోని ఆ మాట అక్కడిదే. లోపం కనిపెట్టినవారు చెబితే, ముందు తయారీదారుకు చెప్పి, సాధారణంగా 45 రోజుల గడువిచ్చి, తర్వాత అందరికీ చెప్పే ఆనవాయితీని పిట్స్‌బర్గ్ సర్ట్ నిలబెట్టింది. గడువు దాటితే తయారీదారు మొహం చూసి ఆగరు. ఆ భయం వల్లే ఎన్నో కంపెనీలు లోపాలు సరిచేశాయి.

మన దగ్గర ఏమీ లేదని అనను, అంటే అబద్ధం అవుతుంది. 1986 నుంచి బెంగళూరులో మీ కృత్రిమ మేధ, రోబోటిక్స్ కేంద్రం ఉంది. 2020లో 35 ఏళ్ల లోపు శాస్త్రవేత్తల కోసం ఐదు యువ ప్రయోగశాలలు పెట్టారు. ఐఐటీ హైదరాబాద్‌తో సహా పదిహేను చోట్ల మీ పరిశ్రమ-విద్యాసంస్థల కేంద్రాలు నడుస్తున్నాయి. రక్షణ పరిశోధన బడ్జెట్‌లో నాలుగో వంతు పరిశ్రమలకు, స్టార్టప్‌లకు, విద్యాసంస్థలకు తెరుస్తామని 2022-23 బడ్జెట్‌లో ప్రకటించారు. క్షిపణుల ఫ్లైట్ సాఫ్ట్‌వేర్‌ను రాసినవారు కాకుండా వేరే బృందం పరిశీలించే పద్ధతి మీ ల్యాబుల్లో ఉందని మా పిల్లల ద్వారా తెలుసు, ఆ పనిలో ఉన్నవాళ్ల మీద నాకు గౌరవం ఉంది. అన్నిటికన్నా ముఖ్యంగా, గచ్చిబౌలిలోని హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో 2005 నుంచి పేలుడు పదార్థాల మీద పరిశోధనకు మీరే ఒక కేంద్రాన్ని నిలబెట్టారు. పేలుడు పదార్థాలంతటి ప్రమాదకరమైన విషయాన్నే విశ్వవిద్యాలయం చేతికి ఇవ్వగలిగినవారు సాఫ్ట్‌వేర్ విషయంలో వెనకాడవలసిన పని లేదు.

లేనిది కొనసాగింపు. ప్రాజెక్టు అంటే మా దగ్గర ఏమవుతుందో మీకు తెలియనిది కాదు. నిధులు మంజూరయ్యేసరికి ఒక బ్యాచ్ వెళ్లిపోతుంది. జేఆర్‌ఎఫ్‌గా చేరిన కుర్రాడు పని నేర్చుకునేసరికి గడువు ముగుస్తుంది. రిపోర్టు బైండు చేసి ఇస్తాం, యుటిలైజేషన్ సర్టిఫికెట్ పంపుతాం, ఆ కోడ్ ఏ హార్డ్‌డిస్క్‌లో ఉందో మర్నాటి ఏడాదికి ఎవరికీ గుర్తుండదు. క్షిపణి కేసింగ్ మీద పరిశోధన అలా చేస్తే కొంతైనా మిగులుతుంది, లోహం లోహంగానే ఉంటుంది. సాఫ్ట్‌వేర్ అలా ఉండదు. రక్షణ శాఖ కంప్యూటర్లలో విండోస్ స్థానంలో మాయా ఆపరేటింగ్ సిస్టమ్ పెడుతున్నారని 2023లో విన్నప్పుడు సంతోషించాను. అది ఉబుంటు మీద కట్టింది. అంటే ఉబుంటులో, లినక్స్ కెర్నల్‌లో బయటపడే ప్రతి లోపమూ మనదే. అవి వారం వారం బయటపడుతూనే ఉంటాయి. ఏ లోపం మనకు తగులుతుంది, ఏది తగలదు, సరిచేస్తే ఇంకేం చెడుతుంది అని ఎవరో ఒకరు దాని ఆయుష్కాలమంతా చూస్తూ ఉండాలి. ఈ పనికి ముగింపు తేదీ రాయలేం.

ఇంకొకటి, భయం. కొన్నేళ్ల క్రితం నా విద్యార్థి ఒకడు ఒక ప్రభుత్వ కార్యాలయం వెబ్‌సైట్‌లో తన దరఖాస్తు చూసుకుంటూ, చిరునామా చివర ఉన్న అంకెను పొరపాటున మార్చాడు. వేరే ఎవరిదో దరఖాస్తు, ఆధార్ కాపీతో సహా తెరుచుకుంది. ఆ కుర్రాడు వెంటనే ల్యాప్‌టాప్ మూసేసి నా గదికి వచ్చాడు. "చెబితే మన మీదే కేసు పెడతారా సార్?" అని అడిగాడు. వాడి భయంలో తప్పు లేదు. అనుమతి లేకుండా సిస్టమ్‌లోకి వెళ్తే ఐటీ చట్టం 43వ సెక్షన్ కింద పరిహారం కట్టవలసి రావచ్చు, మోసపు ఉద్దేశం ఉందంటే 66వ సెక్షన్ కింద అది నేరం. మంచి ఉద్దేశంతో లోపం చెప్పినవాడికి ఆ చట్టంలో స్పష్టమైన రక్షణ లేదు. ఇద్దరం కలిసి ఆ కార్యాలయానికి మెయిల్ రాశాం. జవాబు రాలేదు. కొన్ని వారాల తర్వాత చూస్తే లోపం సరిచేసి ఉంది. ఎవరు చేశారో, అప్పటికి ఎంతమంది దరఖాస్తులు ఎవరెవరు చూశారో మాకు తెలియదు. ఆ కుర్రాడు ఇప్పుడు బ్యాంకుల సాఫ్ట్‌వేర్ రాస్తున్నాడు. సెక్యూరిటీ వైపు రానన్నాడు.

నేను అడుగుతున్న సంస్థ ఉంటే ఆ పిల్లవాడు వెళ్లవలసిన తలుపు అదే. జరిగిన దాడుల పాఠాలు బయటికి రావలసిన తలుపూ అదే. నవంబరు 2022లో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లు రాన్సమ్‌వేర్‌కు చిక్కినప్పుడు రోగుల చీటీలు చేత్తో రాశారు. 2019లో కూడంకుళం అణు కేంద్రం కార్యాలయ నెట్‌వర్క్‌లో మాల్వేర్ దొరికింది. రెండిటి నుంచీ మా పిల్లలకు చెప్పడానికి నా దగ్గర పాఠం లేదు, ఎందుకంటే లోపల ఏం జరిగిందో వివరంగా చెప్పే బహిరంగ నివేదిక లేదు. ధహ్రాన్ గడియారం గురించి బిట్ల లెక్కతో సహా చెప్పగలను, ఎయిమ్స్ గురించి పేపర్లో వచ్చిందే చెప్పగలను. డీఆర్‌డీవో సమాచార హక్కు చట్టం పరిధిలో సాధారణంగా రాదు. 2023 నవంబరు నుంచి సర్ట్-ఇన్‌ను కూడా అదే మినహాయింపుల జాబితాలో చేర్చారు. దాడిని గమనించిన ఆరు గంటల్లో సర్ట్-ఇన్‌కు చెప్పాలని 2022లో నిబంధన తెచ్చారు, మంచిదే. చెప్పిన సమాచారం తిరిగి మా క్లాసుదాకా రావడానికి మాత్రం మార్గం పెట్టలేదు. చట్టం అడగనప్పుడు తెరవడం మీ ఇష్టం మీదే ఆధారపడి ఉంది. అందుకే ఈ ఉత్తరం మీకు రాస్తున్నాను.

కృత్రిమ మేధ వచ్చాక ఈ అవసరం రెట్టింపయింది. 2017లో ఎంఐటీ విద్యార్థులు త్రీడీ ప్రింటర్‌తో ఒక తాబేలు బొమ్మ చేశారు. డొప్ప మీద గీతలను కాస్త మార్చారు. మన కంటికి తాబేలే. గూగుల్ ఇమేజ్ సాఫ్ట్‌వేర్ దాన్ని ఏ వైపు నుంచి చూపించినా చాలాసార్లు రైఫిల్ అంది. అంతకు ముందు ఏడాది కార్నెగీ మెలన్‌లోనే కళ్లద్దాల ఫ్రేమ్ మీద రంగులు ముద్రించి పెట్టుకుంటే, ముఖాలు గుర్తించే ప్రోగ్రామ్ ఒక పరిశోధకుణ్ని సినిమా నటిగా పోల్చుకుంది. తాబేలు రైఫిలైతే, రైఫిల్ తాబేలు కూడా అవుతుంది. 2022 జూలైలో రక్షణ శాఖ 75 ఏఐ ఉత్పత్తులను ఒకేసారి విడుదల చేసింది. నిఘా కెమెరాలు, స్వయంచాలక వాహనాలు, అనువాద పరికరాలు వాటిలో ఉన్నాయి. నమ్మదగ్గ ఏఐని ఎలా అంచనా వేయాలో 2024 అక్టోబరులో మార్గదర్శకాలు కూడా వచ్చాయి. మార్గదర్శకం రాసినంత మాత్రాన పరీక్ష జరిగినట్టు కాదు. మోసం చేయాలన్న పట్టుదలతో ఏళ్ల తరబడి కూర్చునే ఇరవై ఏళ్ల కుర్రాళ్లు కావాలి. వాళ్లు విశ్వవిద్యాలయాల్లో దొరుకుతారు. పిట్స్‌బర్గ్ సంస్థ 2023లోనే ఏఐ లోపాల కోసం విడిగా ఒక స్పందన బృందాన్ని పెట్టింది. ప్రోగ్రాముల్లో లోపాలను కంప్యూటరే వెతికి సరిచేయాలని డార్పా పెట్టిన పోటీలో 2025 ఆగస్టులో జార్జియా టెక్ నాయకత్వంలోని జట్టు 40 లక్షల డాలర్లు గెలిచింది. ఆ జట్టులో దక్షిణ కొరియా విశ్వవిద్యాలయాలు రెండు ఉన్నాయి. ఫైనల్‌కు వచ్చిన సిస్టమ్‌లను ఓపెన్ సోర్స్‌గా ఇవ్వాలన్నది పోటీ షరతు. ఆ కోడ్ ఇప్పుడు మా ల్యాబ్‌లో కూడా నడుస్తుంది.

ఇలాంటి పనికి తెలుగువాళ్లు తగరనే మాట ఎవరూ అనలేరు. నాటి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్‌రెడ్డి గారు 1970లలో కార్నెగీ మెలన్‌లో డార్పా నిధులతోనే మాటను గుర్తించే యంత్రాల మీద పనిచేశారు. 1976 నాటికి అక్కడి హార్పీ సిస్టమ్ వెయ్యి పదాలను గుర్తించింది. ఆయనకు 1994లో ట్యూరింగ్ అవార్డు వచ్చింది. ఈ రోజు మన ఫోన్లు తెలుగు వింటున్నాయంటే ఆ దారి సైనిక డబ్బుతో పడింది, ఫలితం ప్రపంచానిది అయింది. ఇప్పుడు ఏటా మన పిల్లలు ఎందరో సెక్యూరిటీ, ఏఐ చదవడానికి అమెరికా వెళ్తున్నారు. అక్కడ రక్షణ సాఫ్ట్‌వేర్ పనికి సెక్యూరిటీ క్లియరెన్స్ కావాలి, అది మామూలుగా ఆ దేశ పౌరులకే ఇస్తారు. నేర్చుకున్న విద్య అక్కడ వాడనివ్వరు. ఇక్కడ వాడే చోటు లేదు.

మీకు అభ్యంతరం ఉంటుంది. నాకూ ఒకటి ఉంది, ముందు నాది చెబుతాను. పిట్స్‌బర్గ్ కథ అంతా మంచి కథ కాదు. 2014లో అక్కడి సర్ట్ పరిశోధకులు టోర్ అనే అజ్ఞాత నెట్‌వర్క్ వాడేవారిని గుర్తుపట్టే పద్ధతి కనిపెట్టారు. టోర్ మూలాలు అమెరికా నౌకాదళ పరిశోధనలోనే ఉన్నాయి. జర్నలిస్టులు, వేధింపులకు గురవుతున్నవారు, నేరస్థులు అందరూ దాన్ని వాడతారు. పరిశోధకులు తమ పద్ధతిని నిజమైన మనుషులు వాడుతున్న నెట్‌వర్క్ మీదే ప్రయోగించి చూశారు. లాస్ వెగాస్ సమావేశంలో దాని గురించి ఇవ్వవలసిన ప్రసంగం సమావేశానికి ముందే రద్దయింది. ఆ పరిశోధన రక్షణ శాఖ నిధులతో జరిగిందనీ, ఎఫ్‌బీఐ సమన్లు పంపి ఆ సమాచారాన్ని తీసుకుందనీ 2016లో సియాటిల్ ఫెడరల్ కోర్టు ఉత్తర్వులో తేలింది. లోపం తెలిస్తే సరిచేయడానికి చెబుతారని లోకం ఎవరిని నమ్మిందో, వాళ్ల దగ్గరే ఉన్న లోపం మనుషులను పట్టుకోవడానికి వాడారు. పట్టుబడినవాడు నేరస్థుడే కావచ్చు. ఆ నమ్మకం మాత్రం దెబ్బతింది. సర్ట్‌కు లోపం చెప్పాలా వద్దా అని పరిశోధకులు ఆలోచించుకోవలసి వచ్చింది.

అందువల్ల మన సంస్థకు పునాదిలోనే ఒక గీత గీయాలి. లోపాలను వెతికి సరిచేయించే పని దీనిది. పౌరుల మీద నిఘా, దాడికి లోపాలను దాచిపెట్టుకోవడం దీని పని కాదని, ఆ పనులు వేరే ఎవరు చేసినా ఈ గోడ లోపల జరగవని రాతపూర్వకంగా ఉండాలి. పౌరులు వాడుతున్న సిస్టమ్ మీద ప్రయోగం చేసేముందు, విశ్వవిద్యాలయం వేసిన, మీ అధికారులు మెజారిటీగా లేని కమిటీ అనుమతి ఉండాలి.

ఇక మీ అభ్యంతరం, రహస్యం. విద్యార్థులు తిరిగే చోట ఆయుధాల విషయాలు ఎలా మాట్లాడతామని అడుగుతారు. ఆయుధాల విషయాలు అక్కడ మాట్లాడవలసిన పని లేదు. ఎంఐటీ రక్షణ పరిశోధన చేసే లింకన్ ల్యాబ్ క్యాంపస్‌కు దూరంగా ఉంది. 1985లో రీగన్ ప్రభుత్వమే, ప్రచ్ఛన్న యుద్ధం నడుస్తుండగా, విశ్వవిద్యాలయాల మౌలిక పరిశోధన ఫలితాల మీద వీలైనంత వరకు ఆంక్షలు ఉండవని, రహస్యం కావాలంటే ముందే రహస్యమని ముద్ర వేయాలని ఉత్తర్వు ఇచ్చింది. పని అయిపోయాక ప్రచురించవద్దనడం కుదరదు. మనకూ ఆ నియమం చాలు. ఏ క్షిపణి గడియారం ఎలా నడుస్తుందో చెప్పక్కర్లేదు. కత్తిరించిన భిన్నాలను పట్టుకునే పరికరం తయారుచేసి, దాన్ని మీ ల్యాబులకూ రైల్వేలకూ ఆసుపత్రులకూ ఒకేసారి ఇవ్వవచ్చు.

అసలు విశ్వవిద్యాలయం సైన్యం పని ఎందుకు చేయాలని అడిగేవారు నా సహోద్యోగుల్లోనే ఉన్నారు. వియత్నాం యుద్ధ కాలంలో విద్యార్థుల నిరసనల తర్వాత స్టాన్‌ఫర్డ్ 1970లో తన పరిశోధన సంస్థను, ఎంఐటీ 1973లో తన ఇన్‌స్ట్రుమెంటేషన్ ల్యాబును వేరుచేసుకున్నాయి. వాళ్ల ప్రశ్న న్యాయమైనదే, ఆ ప్రశ్న అడిగే స్వేచ్ఛ కొత్త సంస్థ ఉన్న క్యాంపస్‌లో కూడా ఉండాలి. నా జవాబు ఇది: ధహ్రాన్‌లో పోయినవాళ్లు మందుగుండు వల్ల కన్నా ముందు, తయారై ఉన్న ఒక సవరణ సమయానికి తమ దాకా చేరకపోవడం వల్ల పోయారు. సరిహద్దులో కాపలా కాసే మన పిల్లల చేతిలో ఉన్న పరికరం సరిగా పనిచేస్తుందో లేదో చూడటం ఏ విద్యకూ అవమానం కాదు.

చోటు గురించి పట్టుదల లేదు. హైదరాబాద్ అయితే సౌకర్యం. మీ ల్యాబులు, ఐఐటీ, ట్రిపుల్ ఐటీ, కేంద్రీయ విశ్వవిద్యాలయం, గూఢలిపి శాస్త్రం మీద పనిచేసే సీఆర్ రావు సంస్థ, సీడ్యాక్ అన్నీ ఒక పూట ప్రయాణంలో ఉన్నాయి. ఖరగ్‌పూర్‌లో పెట్టినా మా పిల్లలు వస్తారు. పదేళ్లకు తగ్గని ఒప్పందం ఉండాలి. సాఫ్ట్‌వేర్ రాయగలిగినవాడికి కంపెనీ ఇచ్చే జీతంలో సగమైనా ఇవ్వగలగాలి. జిల్లా కాలేజీ విద్యార్థి కూడా కేసు భయం లేకుండా లోపం చెప్పగలిగే ఒక చిరునామా మొదటి రోజు నుంచే పనిచేయాలి.

వచ్చే కేంద్ర బడ్జెట్ లోపల దీని మీద ఒక చిన్న కమిటీ వేయండి. అందులో ఆ పరికరాలు వాడే జవాన్ల నుంచి ఒకరు, ల్యాబుల్లో కోడ్ పరీక్షించేవారి నుంచి ఒకరు, క్లాసులో పాఠం చెప్పేవారి నుంచి ఒకరు ఉండాలి. కమిటీ వద్దని చెప్పినా సరే, ఎందుకు వద్దందో ఆ నివేదికను మాత్రం ప్రచురించండి.

భవదీయుడు,
హైదరాబాద్ నుంచి ఒక సాఫ్ట్‌వేర్ అధ్యాపకుడు